కలుపు

శనివారం రాత్రి డ్యూటీ దిగి
మర్రిపాలెం యార్డు నుంచి నడిచొచ్చేసరికి
మాధవధారలో ఇంకా తెలవారదు.
బూట్లు గుమ్మంలో విడిచి
మంచం దాకా వెళ్లకుండానే
పెరట్లో గొంతుక్కూర్చుంటాను.

మూడు బారల ఎర్రనేల.
రెండు వంగ మొక్కలు, ఒక వరస బెండ,
గోడనానుకుని బచ్చలి.
మిగతాదంతా నేను నాటనిది.

గరిక, కణుపు దగ్గర తెగి
సగం నాకిచ్చి సగం దాచుకుంటుంది.
నానుబాలు తెంపితే
వేళ్ల సందుల్లో జిగట పాలు.
గడ్డిచామంతి దగ్గర చెయ్యి వెనకాడుతుంది,
అంత చిన్న పువ్వు, అంత పొడుగు మెడ.
వెనకాడినందుకు
వచ్చేవారం అక్కడ ఏడు.

తుంగ సంగతి వేరు.
పైకి మూడు ఆకులు, ఏమీ ఎరగనట్టు.
లాగితే టప్పుమని చిన్న చప్పుడు,
ఆకు చేతిలో, గడ్డ నేలలో.
బొరిగె దించి తవ్వితే
వేరుశనగ గింజంత నల్లటి గడ్డ,
దాని తోక పట్టుకుని పోతే జానెడు దూరాన ఇంకోటి,
దానికి తగిలించుకుని మరోటి,
యార్డులో గూడ్సు పెట్టెల్లాగ.
ఇరవయ్యేళ్లుగా బోగీలు విడదీస్తున్నవాణ్ణి.
ఈ కప్లింగు మాత్రం నాకు ఊడదు.

పట్టాల మధ్య గడ్డికి మందు బండి వస్తుంది.
అది వెళ్లిన వారానికి
కంకరంతా బీడీ పొడి రంగు.
"ఆ మందేదో ఒక సీసా తెస్తే పోదా" అంది సత్యవేణి.
తెచ్చాను కూడా.
మెట్ల కింద ఉంది, సీలు తీయకుండా.

ఎందుకు తీయలేదో చెప్పాలంటే
ఒక అక్టోబరు గురించి చెప్పాలి.
హుద్‌హుద్ వెళ్లిపోయిన మర్నాడు
ఉప్పుగాలి కాల్చేసిన సింహాచలం కొండ
పాత రేకులా తుప్పు పట్టి నిలబడింది.
మా వేప పక్కింటి వంటగదిలో పడుకుంది.
కాకులకి వాలడానికి
కరెంటు తీగలైనా లేవు.
మా మౌళికకి అప్పుడు నాలుగేళ్లు.
కిటికీలోంచి కాసేపు చూసి
రంగు పెన్సిళ్ల డబ్బాలోంచి ఆకుపచ్చది తీసి
పక్కన పెట్టేసింది,
ఇక దీంతో పని లేదని.

పదోరోజో పదకొండోరోజో
బురద పగలదీసుకుని మూడు ఆకులు.
నాటినదేదీ లేవలేదు, తుంగ లేచింది.
ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం
చలి కాచుకునేవాళ్లలా.
పిల్ల వెళ్లి పెన్సిలు తెచ్చుకుంది.

అది దానికి గుర్తుండదు.
నాకుంది.
అందుకే తవ్వుతాను గానీ కొట్టను.
ఇదేం లెక్కని అడిగితే చెప్పలేను,
వంగమొక్కలైతే అస్సలు ఒప్పుకోవు.

గోడ మీంచి గురమ్మత్త తల లేచింది.
"అదేటి అల్లుడూ, గలిజేరు పారేత్తన్నావేటి?
ఇలాగియ్యి, పప్పులో ఏసుకుంటాను."
బకెట్టు గోడ దాటింది.
తిరిగొచ్చేటప్పుడు అడుగున
గుప్పెడు ఎండ్రొయ్యలు, ఒక చింతకాయ.
"తుంగ కూడా ఉంది, పంపనా అత్తా?"
"అది నీకే ఉండనీ నాయనా,
నా పెరట్లోంచే కదేటి నీకాడికొచ్చింది!"

నిజమే. గోడకి పునాది ఎంత లోతో
దానికి ముందే తెలుసు.

పీకి పారేయాల్సినదానికి
కలుపు అని పేరు పెట్టిందెవరో.
మా యార్డులో ఆ మాట కేకేస్తే
రెండు పెట్టెలు దగ్గరికొస్తాయి,
ఇనుము ఇనుముని పట్టుకున్న చప్పుడుకి
గుండె ఒకసారి జరిగి కుదురుకుంటుంది.

తెల్లారింది.
హార్బరు వైపు ఏదో ఓడ కూసింది.
అరచేతుల్లో తుంగ వాసన,
కొంచెం కర్పూరం, కొంచెం తడి ఇనుము.
బకెట్లో పదిహేను గడ్డలు.
పదహారోది బెండ వేళ్ల కింద ఎక్కడో
కొక్కెం చాపుకుని ఉంది.

వాన పడేలా ఉంది.
నేను పోయి పడుకుంటాను.